మెడ చుట్టూ గీత

మెట్ట మీది ఊరు,
అక్టోబర్ 9, 1949

పోలీకి,

చెబుతున్నది నేను, రాస్తున్నది మా ఆడపడుచు హోన్సి. ఎప్పటిలాగే. మనమ్మ నన్ను పిల్లల్ని పట్టుకెళ్ళే సర్కారు బడివాళ్ళ కంట పడకుండా మొక్కజొన్న గాదెలో దాచింది, నిన్ను దాచలేకపోయింది. అందుకే నువ్వు రాస్తావు, నేను వాగుతాను. (దాచకపోయుంటే మా వదిన ఈపాటికి ఆ బడికే పెద్ద పంతులమ్మ అయ్యేది. హోన్సి.) చూశావా, మధ్యలో దూరకుండా ఉండలేదు ఇది.

నువ్వెళ్ళి పద్నాలుగు నెలలు. ఈ ఏడు మట్టి బాగా దొరికింది. వానలకు చరియ విరిగి, మనం తవ్వే చోటు పక్కనే కొత్త పొర బయటపడింది. మొక్కజొన్న పిండి చల్లి, నేలతల్లిని అడిగి, రెండు మూటలు తెచ్చుకున్నా. అవ్వ రాయితో రుద్దితే నీళ్ళలా మెరుస్తోంది. అయితే ఏం లాభం? అమ్మ పోయిన దగ్గర్నుంచీ కుండలు చెయ్యడం నా వంతు, వాటి మీద గీయడం నీ వంతు. ఇప్పుడు చేస్తున్నా, పెడుతున్నా. గోడవారగా పదకొండు ఉన్నాయి, నున్నగా, బోడిగా. ఇంటికొచ్చినవాళ్ళు “ఏం నువామ్సీ, అన్నింటికీ గుండు చేయించావా?” అంటున్నారు. నేనూ నవ్వుతాను. వాళ్ళు వెళ్ళగానే దుప్పటి కప్పేస్తాను.

డెల్బర్ట్ గొర్రెలతో లోయలోనే ఉంటున్నాడు. ఆదివారం వస్తాడు, తింటాడు, నిద్రపోతాడు. మా ఆయన మాట్లాడే మాటలు గొర్రెలకే చాలవు, నాకేం మిగులుతాయి. అలవాటు చొప్పున అన్నానికి రెండు గిన్నెలు తీస్తాను. రెండోది మళ్ళీ లోపల పెట్టేస్తాను.

డాక్టరు ఏమన్నాడో దాచకుండా రాయి. తియ్యగా రాస్తే నాకు తెలిసిపోతుంది.

నీ అక్క
నువామ్సి


ఆసుపత్రి, ఫీనిక్స్,
నవంబర్ 20, 1949

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. నాలుగోసారి దెస్బాకు చదివి వినిపించాను. దెస్బా నా పక్క మంచం మనిషి, నవాహో తెగది. మొదటి నెలంతా ఇద్దరం చెరో గోడవైపు తిరిగి పడుకున్నాం. వాళ్ళ తాతలు మన హోపీల మొక్కజొన్న ఎత్తుకుపోయారని నాకు, మన తాతలు వాళ్ళను ఏదో అన్నారని తనకు. ఇప్పుడు తను దగ్గితే నేను నర్సును పిలుస్తాను, నేను దగ్గితే తను పిలుస్తుంది. గుండు మాట విని మంచం ఊగేలా నవ్వింది. అలా నవ్వకూడదని తరవాత తిట్లు తిన్నాం.

పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. పుస్తకం కూడా పట్టుకోకూడదు. పైకప్పు తెల్లగా ఉంటుంది. దాని మీద కళ్ళతో గీస్తుంటాను. ముందు కుండ మెడ చుట్టూ గీత, తరవాత పక్షి, దాని రెక్క, ఈకలు, కింద వలస గీతలు, మనవాళ్ళు ఊళ్ళు మారుతూ నడిచొచ్చిన దారులన్నీ. నలభై గీతలు దాటేసరికి కళ్ళు అలిసిపోతాయి. నలభై ఒకటో గీత గీయాలని రోజూ అనుకుంటాను.

ఇక డాక్టరు సంగతి. తియ్యగా రాయను. ఈ క్షయకు నా కుడి ఊపిరితిత్తికి బెజ్జం పడింది. ఫోటో తీసి చూపించాడు. మందుకు మూసుకోవడం లేదు. కుడివైపు ఏడు పక్కటెముకలు తీసేస్తే ఊపిరితిత్తి ముడుచుకుని బెజ్జం మూసుకుంటుందట. తీయకపోతే రెండేళ్ళో మూడేళ్ళో అన్నాడు. తీస్తే బతకొచ్చు. కానీ కుడిచెయ్యి ఇదివరకులా పైకి లేవదు. కాగితం మీద సంతకం నేనే పెట్టాలి.

కుడిచెయ్యి అక్కా. నాకు మొగుడు నిలవలేదు, పిల్లలు కలగలేదు. నాదంటూ ఉన్నది ఆ చెయ్యే. నాకేమీ తోచడం లేదు. నువ్వు ఊఁ అంటే ఊఁ, వద్దంటే వద్దు.

ఇంకొక్క మాట. నేను లేనని పక్షిని ఎవరి చేతికీ ఇవ్వకు. అది అవ్వ బొమ్మ, మన ఇంటి ఆడవాళ్ళ బొమ్మ. హోన్సి మంచిదే, కానీ వేరే ఇంటి పిల్ల. (చదివేది నువ్వేగా హోన్సీ, మొహం మీదే చెప్పేశాను.) అవ్వ మాట గుర్తుందిగా? మెడ చుట్టూ గీసే గీత రెండు కొసలూ కలవకూడదు. గింజంత సందు వదలాలి. గీసిన ఆడమనిషి ఊపిరి నడిచే దారి అది. కలిపేస్తే ఆమె పని అక్కడితో సరి.

నీ జవాబు కోసం కాచుకుని ఉంటాను.

పోలి


మెట్ట మీది ఊరు,
ఫిబ్రవరి 12, 1950

పోలీకి,

జవాబు ఆలస్యమైంది. మంచుకు దారి మూసుకుపోయి టపా బండి రెండు వారాలు పైకి రాలేదు. నీళ్ళ ఊట కూడా గడ్డకట్టింది. పైన కట్టిన మంచు పలక పగలగొట్టి, ముక్కలు తెచ్చి కాచుకున్నాం.

చిక్కుళ్ళ పండుగ బాగా జరిగింది. పండుగ కానుకగా హోన్సి కొడుకు చేతిలో చిన్న విల్లు పడింది, దాంతో ఇంట్లో కుక్కను బతకనివ్వడం లేదు. నేను రెండు రోజులు వేడి బండ ముందు కూర్చుని నీలి మొక్కజొన్న రేకు రొట్టెలు చేశాను. వేళ్ళు కాలాయి. నువ్వుంటే మడతపెట్టి అందుకునేదానివి.

ఎముకల గురించి అడిగావు. నాకేం తెలుసు, మట్టి గురించి అడిగితే చెబుతాను. డాక్టరు చదువుకున్నవాడు. నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి.

కుండల గురించి బెంగ పెట్టుకోకు. పదకొండులో తొమ్మిది కాల్చి దుకాణంలో ఇచ్చేశాను. పిండీ, కాఫీ వచ్చాయి. ఒళ్ళు జాగ్రత్త.

నువామ్సి


ఆసుపత్రి,
మార్చి 19, 1950

అక్కా,

మూడు నెలలు ఎదురుచూశాను. వచ్చింది మంచు, కుక్క, చిక్కుళ్ళు. నా ఎముకలకు రెండు ముక్కలు. “నీకేది మంచిదనిపిస్తే అది.” దారిన పోయే మనిషి కూడా అంతకంటే నాలుగు మాటలు ఎక్కువ చెబుతాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఒక మాట గుచ్చుకుంది. తొమ్మిది కుండలు దుకాణంవాడు తీసుకున్నాడా? బోడి కుండ వాడెప్పుడు ముట్టుకున్నాడు? మరి వాటి మీద గీసిందెవరు? అడుగుదామా వద్దా అని ఊరుకున్నాను. అడగక్కర్లేకుండా పోయింది. మొన్న రోగుల్ని చూసిపోవడానికి వచ్చిన ఒక దొరసాని, నేను హోపీ పిల్లనని తెలిసి, నన్ను సంతోషపెడదామని సంచిలోంచి ఒక కుండ తీసి నా ఒళ్ళో పెట్టింది. పెదవి దగ్గర నీ బొటనవేలి నొక్కు తడిమి పట్టుకున్నాను. అది నీ కుండ. దాని మీద మన పక్షి. రెక్క వంకర, ఈకలు ఒకటి లావు, ఒకటి సన్నం. ఒళ్ళో తిప్పి తిప్పి సందు కోసం వెతికాను. లేదు. మెడ చుట్టూ గీత కలిసిపోయింది.

పక్షిని హోన్సికి ఇవ్వొద్దని చెప్పాను. ఇచ్చావు. ఇచ్చిందానికి సందు వదలాలని కూడా చెప్పలేదు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా! హోన్సీ, గట్టిగా చదువు, మా అక్కకు బాగా వినబడాలి. పోలి ఇంకా చావలేదు. ఊపిరి ఉండగానే నా గీత మూసేశారు మీరిద్దరూ.

దొరసాని “నచ్చిందా?” అని అడిగింది. నచ్చిందన్నాను. ఆవిడ కుండ తీసుకుని వెళ్ళిపోయింది.

డాక్టరుతో కాగితం వద్దని చెప్పేశాను. చెయ్యి నాది. ఉన్నన్నాళ్ళు ఉంటుంది. ఇక మీరు రాయక్కర్లేదు.

పోలి


మెట్ట కింది ఊరు,
ఏప్రిల్ 2, 1950

పోలీ,

ఇది మీ అక్క చెప్పి రాయించింది కాదు. మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. తనకు తెలియదు.

నీ ఉత్తరం పైకి తీసుకెళ్ళాను. ముందు నేను చూసుకుని, “వదినా, ఇది చదవనా, పొయ్యిలో పెట్టనా?” అని అడిగాను. “చదువు” అంది. నన్ను అన్నవి కూడా మింగకుండా చదివాను. గట్టిగా చదవమన్నావుగా, గట్టిగానే చదివాను.

నేను నీ కుంచె ముట్టలేదు పోలీ. వేరే ఇంటి పిల్లనని నువ్వు గుర్తుచెయ్యాలా? మా ఇంటికీ బొమ్మలున్నాయి. వాటిని మీరు గీస్తే నేను మాత్రం ఊరుకుంటానా?

గీసింది మీ అక్క. తలుపు వేసుకుని, నీ యుక్కా ఆకు కుంచెతోనే గీసింది. నల్లరంగు ముద్ద రాతి మీద నూరి నేను ఇచ్చాను, అంతవరకే నా పాపం. తనకు గీత రాదని నీకంటే తనకే బాగా తెలుసు. ఒక పక్షికి మూడు రోజులు పట్టింది. “ఇది పక్షా, ఈకలు పీకిన కోడా?” అని తనలో తనే తిట్టుకుంటుంటే నవ్వొచ్చి బయటికి వెళ్ళిపోయాను. గీతను తీసుకొచ్చి కొసకు కలుపుతుంటే మాత్రం చూసి చెయ్యి పట్టుకున్నాను. “వదినా, సందు వదలవా?” అన్నాను. నా చెయ్యి విదిలించుకుంది. ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “దాని ఊపిరితిత్తికి బెజ్జం పడిందని రాసింది కదే. అక్కడొక బెజ్జం, ఇక్కడ మళ్ళీ నేనొక సందు వదిలితే, ఉన్న కాస్త ఊపిరీ పోదూ? మూసెయ్యనీ. అన్నింటికీ మూసేస్తా.”

పదకొండింటికీ మూసింది. కాల్చేటప్పుడు రెండు పగిలాయి. ఆ తరవాత రెండు రోజులు తను అన్నం ముట్టలేదు.

ఎముకల గురించి ఎందుకు చెప్పలేదో కూడా విను. డిసెంబర్ నుంచి నాలుగుసార్లు నన్ను కాగితం తీయమంది. నాలుగుసార్లూ “వద్దులే” అంది. చేయించుకోమంటే, కత్తి కింద నువ్వు పోతే తన నోరే నిన్ను చంపినట్టు. వద్దంటే, రెండేళ్ళకు నువ్వు పోతే అప్పుడూ తన నోరే. మింగలేక, కక్కలేక మంచు గురించీ, కుక్క గురించీ చెప్పింది. నేను రాశాను. అప్పుడే పక్కన ఒక్క వాక్యం రాయాల్సింది, రాయలేదు.

నీ ఉత్తరం విన్న దగ్గర్నుంచీ ఇదే పని. మిగిలిన మట్టిని తడిపి, తొక్కి, మళ్ళీ ఎండబెట్టి, మళ్ళీ తడుపుతోంది. కుండ మాత్రం చెయ్యడం లేదు. నేను రాసినట్టు తనకు చెప్పకు.

హోన్సి


ఆసుపత్రి,
ఏప్రిల్ 11, 1950

అక్కా,

ఒకరు నాకు ఒక సంగతి రాశారు, నీకు చెప్పొద్దన్నారు. నీకు ఈ ఉత్తరం చదివి వినిపించేది కూడా వాళ్ళే. ఈ ముక్క ఎలా చదువుతారో తలుచుకుంటే నాకు నవ్వూ, ఏడుపూ రెండూ వస్తున్నాయి. హోన్సీ, నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను. ఇంటికొస్తే నీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడాదిపాటు నీ పిండి రుబ్బుతాను.

అక్కా, నా గీత మూసేశావని తిట్టాను. నువ్వు నన్ను లోపల పెట్టి మూశావని నాకెలా తెలుస్తుంది? ఆ వంకర పక్షిని ఇంకాసేపు చేతిలో ఉంచుకోవాల్సింది. దొరసాని మళ్ళీ రాలేదు.

డాక్టరు కాగితం చించలేదు, సొరుగులో ఉందన్నాడు. నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఏం జరిగినా ఆ మాట మీద నింద వేయను. అయితే ఒకటి ఆలోచించు. చెయ్యి లేవని పోలి నీకెందుకు? నీ కుండలకు నేనేం పనికొస్తాను? అది తేల్చుకుని చెప్పు.

పోలి


మెట్ట మీది ఊరు,
ఏప్రిల్ 20, 1950

పోలీ,

రాయి హోన్సీ, ఆపకుండా రాయి, అడ్డం రాకు. (రావడం లేదు.)

చేయించుకో. ఏడు తీస్తారో, పది తీస్తారో తీయనీ. చెయ్యి లేవకపోతే లేవకపోనీ. పనికొస్తావా అని అడిగావు. నువ్వేమన్నా గొడ్డలివా, తిరగలివా, పనికిరావడానికి? చెయ్యి కోసం నిన్ను దగ్గర పెట్టుకున్నానని అనుకున్నావా? నువ్వు గీస్తుంటే నేను మట్టి పాముతూ ఊళ్ళోవాళ్ళందరినీ ఆడిపోసుకునేదాన్ని, గుర్తుందా? ఇప్పుడు ఆడిపోసుకోవాలన్నా వినేవాళ్ళు లేరు. హోన్సితో చెబుదామంటే సగం ఊరు దాని చుట్టాలే.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది పోలీ. అంత నిశ్శబ్దం నాకు పడదు. కుండలు కాల్చేటప్పుడు గట్టిగా మాట్లాడకూడదని అవ్వ మన నోళ్ళు మూయించేది కదా. ఇప్పుడు నా బతుకంతా ఆ కాల్పు దగ్గర కూర్చున్నట్టే ఉంది. నేను భయపడ్డాను. నీకు జవాబు చెప్పడానికి భయపడ్డాను. పెద్దదాన్ని అయ్యుండి, నీ మీద వదిలేసి తప్పుకున్నాను. అది తప్పు.

బతికి రా. మిగతా సంగతి నేను చూసుకుంటాను.

నువామ్సి

(వాళ్ళ పాపం, వీళ్ళ పాపం అనుకోకుండా సంతకం పెట్టు. హోన్సి.)


ఆసుపత్రి,
ఆగస్టు 27, 1950

అక్కా,

కుడిచేత్తో రాస్తే కోసిన చోటు ఇంకా లాగుతోంది, ఎడమచేత్తో రాస్తున్నాను, కోడి కెలికినట్టుంటే హోన్సిని ఓపిక పట్టమను. రెండుసార్లు కోశారు, మే నెలలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. ఏడు ఎముకలూ పోయాయి. నేను ఉన్నాను. బెజ్జం మూసుకుందని ఫోటో చూపించారు. ఇంకా ఒక చలికాలం, ఒక వేసవి ఇక్కడే ఉండాలట.

దెస్బా లేదు. నాకు రెండోసారి కోసిన వారమే పోయింది. నేను మత్తులో ఉన్నాను, ఎవరూ చెప్పలేదు. కళ్ళు తెరిచేసరికి పక్క మంచం మీద కొత్త దుప్పటి ఉంది. ఆ మంచంలో ఇంకా ఎవరినీ వెయ్యలేదు. అటువైపు తిరిగి పడుకోవడం మాత్రం మానలేకపోతున్నాను. రాత్రిపూట దగ్గు వినబడక నిద్ర పట్టడం లేదు. ఒకరి దగ్గు కోసం బెంగ పడతానని ఎప్పుడూ అనుకోలేదు.

చెయ్యి సంగతి. రోజూ గోడ మీద వేళ్ళతో పాకిస్తారు. రొమ్ము దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. మోచెయ్యి పక్కకు లేవదు. వేళ్ళు మాత్రం ఇదివరకులాగే ఉన్నాయి, వణకడం లేదు. కానీ నీ పెద్ద కుండ ఒళ్ళో పెట్టుకుంటే దాని మెడ దాకా నా చెయ్యి రాదు. నేను కొలిచి చూసుకున్నాను, దిండు ఒళ్ళో పెట్టుకుని. రాదు. నువ్వు అడగకముందే చెబుతున్నాను. హోన్సి కూతురు పెద్దదవుతోంది, నేర్పించు. పక్షిని తనకు ఇవ్వడానికి నాకిప్పుడు అభ్యంతరం లేదు.

పోలి


మెట్ట మీది ఊరు,
సెప్టెంబర్ 8, 1950

పోలీ,

దెస్బా పేరు చెప్పి గుమ్మం బయట పిండి చల్లాను. నవాహోవాళ్ళకు మన పిండి చేరుతుందో లేదో తెలియదు. నాకు తోచింది చేశాను.

నువ్వు ఒక పని చెయ్యి. మంచం మీద మనం గీయడానికి కూర్చున్నట్టే కూర్చో. ఒళ్ళోంచి, నొప్పి లేకుండా, పళ్ళు బిగించకుండా చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తే అంత దారం కొలిచి పంపు. ఎందుకని అడక్కు.

నువామ్సి

(నేనూ అడిగాను. నాకూ చెప్పలేదు. హోన్సి.)


ఆసుపత్రి,
సెప్టెంబర్ 21, 1950

అక్కా,

దారం ఈ కాగితంలో మడిచి పెట్టాను. ఆసుపత్రి దుప్పటి అంచులోంచి లాగాను, ఎవరికీ చెప్పకు. మొదట గొప్పకు పోయి రెండు వేళ్ళు ఎక్కువ కొలిచాను. మడిచి పెట్టాక సిగ్గేసింది. తీసి కత్తిరించాను. ఇది నిజం కొలత. చూస్తే నీకు ఏడుపొస్తుంది, అంత పొట్టిగా ఉంది.

పోలి


మెట్ట మీది ఊరు,
నవంబర్ 5, 1950

పోలీ,

దారం అందింది. ఏడవలేదు. హోన్సి ఏడ్చింది. (అబద్ధం.)

పెద్ద కుండలు మానేశాను. దారాన్ని పక్కన ఒక పుల్లకు కట్టి నిలబెట్టుకుని చేస్తున్నాను. మొదటిది దారం దాటిపోయింది, ముద్ద చేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళుగా పైకి లేపడం అలవాటైన చేతులు కదా, ఆగమంటే ఆగవు. పొట్టను పక్కలకు తోసి, భుజాన్ని బల్లపరుపు చేసి, మెడను పొట్టిగా లోపలికి దింపితే కుదిరింది. పడిపోయిన పాత ఊళ్ళ దగ్గర మనకు దొరికే పెంకుల్లో ఇలాంటి భుజమున్నవి ఉంటాయి. ఆ రోజుల్లో కూడా ఎవరికో చెయ్యి లేవలేదేమో, ఎవరో ఆమె కోసం ఇలా చేసిపెట్టారేమో అనుకున్నాను. మనకేం తెలుసు.

ఊళ్ళోవాళ్ళు నవ్వుతున్నారు. “ఏమిటివి నువామ్సీ, కుండల మీద గొర్రె కూర్చుందా?” అంటున్నారు. దుకాణంవాడు ఒకటి అడిగాడు, బోడిగా ఉన్నా తీసుకుంటానన్నాడు. ఇవ్వనన్నాను. నాలుగు అయ్యాయి. వేసవి దాకా ఇంకా అవుతాయి. వీటి మీద నేను గీయను, హోన్సి కూతురూ గీయదు.

నిన్న హోన్సిని పిలిచి, నీ చెయ్యిలాగే లేవకుండా నా కుడి మోచెయ్యిని ఒంటికి ఆనించి నడికట్టుతో గట్టిగా కట్టించుకున్నాను. నాలుగింట్లో చివరిది ఒళ్ళో పెట్టుకుని, నీ కుంచె రంగులో ముంచకుండా పట్టుకుని, చుట్టూ తిప్పి చూశాను. మెడ అందింది పోలీ. చుట్టూరా అందింది.

నీ అక్క
నువామ్సి